ఫ్యాన్ ఎందుకు తిరగట్లేదో ముందు తేల్చండి... తర్వాతే మోటారు

మార్చి నెల దాటిందంటే చాలు, కార్ల గురించి నన్ను అడిగేవాళ్ల ప్రశ్నలన్నీ ఒకేలా ఉంటాయి. "హైవే మీద బాగానే ఉంటోంది. ట్రాఫిక్‌లో ఆగామా, టెంపరేచర్ ముల్లు పైకి లేస్తోంది. అప్పుడే ఏసీ గాలి కూడా వెచ్చబడుతోంది. ఏం మార్చాలి?"

ఏం మార్చాలన్నది తర్వాతి సంగతి. ముందు తేలాల్సింది కరెంటు ఎక్కడ ఆగిపోతోందన్నది. ఈ రెండు ప్రశ్నల మధ్య తేడా ఒక్కోసారి 20 రూపాయల ఉప్పుకాగితానికీ, పాతిక వేల ఇంజిన్ పనికీ ఉన్నంత తేడా. అందుకే ఈ వారం రేడియేటర్ ఫ్యాన్ గురించే మాట్లాడుకుందాం.

కారు 60, 70 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. అప్పుడు ఫ్యాన్‌తో పెద్దగా పనుండదు. మే నెల మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ దగ్గరో, కూకట్‌పల్లిలోనో బండి ఆగినప్పుడు మాత్రం ఎదురుగాలి సున్నా. ఇంజిన్ వేడంతా బయటికి పంపాల్సింది ఆ ఒక్క ఫ్యానే. పైగా ఏసీ కండెన్సర్ కూడా రేడియేటర్ ముందే ఉంటుంది. చాలా కార్లలో రెండింటికీ గాలి లాగేది ఒకే ఫ్యాన్. అందుకే ఫ్యాన్ మొరాయిస్తే ముల్లు లేవడం, ఏసీ నీరసపడటం జంటగా వస్తాయి. బండి కదలగానే రెండూ సర్దుకుంటాయి.

దీనికి తిరగేసిన లక్షణం కూడా గుర్తుంచుకోండి. ఊళ్లో బాగానే ఉండి, హైవే మీద గట్టిగా తొక్కినప్పుడే వేడెక్కుతోందంటే అనుమానం ఫ్యాన్ మీద కాదు. రేడియేటర్ పూడుకుపోవడం, థర్మోస్టాట్ సరిగా తెరుచుకోకపోవడం, వాటర్ పంపు వంటివి చూడాలి. ఈ ఒక్క ప్రశ్నతోనే సగం దారి తేలిపోతుంది. విచిత్రం ఏంటంటే చాలా షెడ్లలో ఇది అడగనే అడగరు.

ముల్లు లేచినా "ఇంకో రెండు కిలోమీటర్లేగా" అని నడిపేస్తే ఏమవుతుంది? ఇప్పటి ఇంజిన్లలో సిలిండర్ హెడ్ అల్యూమినియంతో చేసింది. అతిగా వేడెక్కితే అది వంకర పోతుంది. హెడ్ గ్యాస్కెట్ కాలిపోతుంది, కూలెంట్ ఆయిల్లో కలుస్తుంది. వంద రూపాయల ఫ్యూజు దగ్గర మొదలైన కథ ఇంజిన్ విప్పడంతో ముగుస్తుంది. ఎర్ర లైటు వెలిగితే బండి పక్కకి ఆపి, ఇంజిన్ ఆపేయడమే సరైన పని. ఆపేందుకు చోటు దొరికేలోపు ఏసీ ఆపి, హీటర్‌ని పూర్తి వేడి మీద పెట్టి అద్దాలు దించితే కొంత వేడి క్యాబిన్‌లోకి వస్తుంది. మీకు చెమటలు పడతాయి, ఇంజిన్ మాత్రం కాస్త ఊపిరి తీసుకుంటుంది.

చెయ్యి పెట్టే ముందు

వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తియ్యకండి. ఆ మూత కూలెంట్‌ని ఒత్తిడిలో ఉంచుతుంది. మామూలు గాలి ఒత్తిడికి రెండింతలు ఉంటే నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాకుండా దాదాపు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూత తిప్పగానే ఆ ఒత్తిడి పోతుంది. అప్పటిదాకా మరగకుండా ఉన్న నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదకి ఎగజిమ్ముతాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా ఆగండి. తొందరేం లేదు.

రెండోది, ఫ్యాన్ రెక్కల దగ్గర వేళ్లు, చున్నీ, తాడు వేలాడే ఐడీ కార్డు లాంటివి పెట్టొద్దు. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపేశాక కూడా ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది. చేత్తో రెక్క తిప్పి చూడాలంటే ముందు బ్యాటరీ మైనస్ ఊడదీయండి. మూడోది, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్ల జోలికి అసలు వెళ్లొద్దు. అది మన మీటరుతో ఆడుకునే వోల్టేజీ కాదు.

ఇంకొక్క మాట. వైర్లు వెతికే ముందు కూలెంట్ మట్టం చూడండి. కూలెంట్ తగ్గిపోతే సెన్సార్ మునిగి ఉండాల్సిన చోట గాలో, ఆవిరో ఉంటుంది. ఇంజిన్ ఉడికిపోతున్నా సెన్సార్ "అంతా బాగానే ఉంది" అనే చెప్తుంది. ఫ్యాన్‌కి ఆజ్ఞే వెళ్లదు. అలాంటప్పుడు ఎన్ని రిలేలు మార్చినా ఏం లాభం?

రెండు దారులు

ఫ్యాన్ సర్క్యూట్ చూడ్డానికి చిక్కుముడిలా ఉంటుంది గానీ, ఉన్నవి రెండే దారులు. ఒకటి కరెంటు మోసే దారి. రెండోది కబురు మోసే దారి.

కరెంటు మోసే దారి ఇది: బ్యాటరీ ప్లస్ నుంచి బానెట్ కింద ఫ్యూజు పెట్టెలో ఉండే పెద్ద ఫ్యూజుకి (సాధారణంగా 30 లేదా 40 ఆంపియర్లు), అక్కడ్నుంచి రిలేకి, రిలే నుంచి మోటారుకి, మోటారు నుంచి నల్ల వైరు గుండా బాడీ ఎర్త్‌కి, అక్కడ్నుంచి తిరిగి బ్యాటరీ మైనస్‌కి. ఈ దారిలో కరెంటు గట్టిగా, పది ఇరవై ఆంపియర్ల లెక్కన ప్రవహిస్తుంది.

కబురు మోసే దారి వేరు. ఇంజిన్‌లో ఉన్న టెంపరేచర్ సెన్సార్ ఈసీయూకి, అంటే ఇంజిన్ కంప్యూటర్‌కి, వేడి ఎంతుందో చెప్తుంది. చాలా కార్లలో 95 నుంచి 100 డిగ్రీల ప్రాంతంలో ఈసీయూ రిలే లోపలి కాయిల్‌ని పనిచేయిస్తుంది. కాయిల్‌కి ఒకవైపు తాళం తిప్పగానే 12 వోల్టులు వచ్చి ఉంటాయి. రెండోవైపుని ఈసీయూ ఎర్త్‌కి కలుపుతుంది. ఇక్కడ పారే కరెంటు ఆంపియర్‌లో పదో వంతో, కాస్త ఎక్కువో. ఏసీ వేసినా ఇదే కబురు వెళ్తుంది.

ఈ రెండు దారులూ కలిసే చోటు రిలే. అందుకే వెతుకులాట మొదలెట్టాల్సింది మోటారు దగ్గరా కాదు, సెన్సార్ దగ్గరా కాదు. సరిగ్గా మధ్యలో, రిలే దగ్గర.

మా సాఫ్ట్‌వేర్ పనిలోనూ ఇదే పద్ధతి. నిన్న నడిచిన ప్రోగ్రాం ఇవాళ నడవట్లేదు, మధ్యలో 16 మార్పులు జరిగాయనుకోండి. ఒక్కోటీ చూస్తూ పోతే 16 సార్లు చూడాల్సి రావొచ్చు. సరిగ్గా మధ్యలో చూసి తప్పు ఏ సగంలో ఉందో తేల్చుకుంటే ఎనిమిది మిగులుతాయి. మళ్లీ సగం చేస్తే నాలుగు, తర్వాత రెండు. నాలుగు పరీక్షల్లో దొంగ దొరికిపోతాడు. ఫ్యాన్ సర్క్యూట్‌లో కూడా ఫ్యూజులు, రిలే, కప్లర్లు, మోటారు, ఎర్త్, సెన్సార్, ఈసీయూ అన్నీ కలిపి పది పదిహేను చోట్ల అనుమానం ఉంటుంది. వరసగా ఒక్కో పార్టూ మార్చుకుంటూ పోవడం ఖరీదైన పద్ధతి.

పైసా ఖర్చులేని పరీక్ష

ఇంజిన్ ఆన్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో కాసేపట్లో ఫ్యాన్ తిరగాలి. ఏసీకి హాయిగా తిరిగి, ఇంజిన్ వేడికి మాత్రం తిరగట్లేదంటే మోటారు, పెద్ద ఫ్యూజు దాదాపుగా నిర్దోషులు. కబురు మోసే దారినే చూడాలి. రెండింటికీ తిరగట్లేదంటే రిలే దగ్గరికి వెళ్దాం.

ఫ్యూజు పెట్టె మూత లోపలి వైపు బొమ్మ ఉంటుంది. ఫ్యాన్ రిలే ఏదో అందులో చూసుకోండి. పక్కనే అచ్చంగా అదే నంబరున్న రిలే (హారన్‌దో, ఇంకోటో) ఉంటే రెండూ అటూ ఇటూ మార్చి చూడండి. ఫ్యాన్ తిరిగితే కథ అక్కడితో అయిపోయింది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: రిలే "టిక్" మన్నంత మాత్రాన బాగున్నట్టు కాదు. ఆ చప్పుడు కాయిల్ పనిచేసిందనే చెప్తుంది. లోపల కరెంటు కలిపే కొనలు నల్లగా కాలిపోయి ఉండొచ్చు.

రిలే బాగానే ఉంటే దాన్ని పీకి సాకెట్ చూడండి. పిన్నుల పక్కన 30, 85, 86, 87 అని అంకెలు ఉంటాయి. ఇవి జర్మన్ ప్రమాణం ప్రకారం వచ్చిన గుర్తులు. 30 అంటే బ్యాటరీ నుంచి వచ్చేది. 87 అంటే మోటారుకి వెళ్లేది. 85, 86 కాయిల్ కొనలు. చిన్న రిలేల మీద అంకెలు లేకపోతే కంగారు పడొద్దు. మీటరుని ఓమ్‌ల మీద పెట్టి రిలే పిన్నులు చూడండి. ఏ జతలో సుమారు 60 నుంచి 120 ఓమ్‌లు చూపిస్తుందో అది కాయిల్. మిగిలినవి కరెంటు మోసేవి.

ఇప్పుడు ఫ్యూజు బిగించిన ఓ లావుపాటి వైరు ముక్కతో సాకెట్‌లో 30ని 87ని కలపండి. అంటే రిలే చేయాల్సిన పని మీరు చేస్తున్నారన్నమాట. ఫ్యాన్ గట్టిగా తిరిగితే ఫ్యూజు, వైరు, మోటారు, ఎర్త్ అన్నీ ఒక్క దెబ్బకి పాసైపోయాయి. తప్పు కబురు దారిలో ఉంది. తిరగకపోయినా, నీరసంగా తిరిగినా తప్పు కరెంటు దారిలో ఉంది. ఈ ఒక్క పరీక్షకే సగం కారు అనుమానాల జాబితా నుంచి తప్పుకుంటుంది.

ఒక హెచ్చరిక. కొత్త కార్లు కొన్నిట్లో రిలే బదులు ఫ్యాన్ వేగాన్ని మెల్లగా పెంచుతూ తగ్గిస్తూ పోయే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది. అక్కడ వైరు ముక్కతో కలిపే పని పెట్టుకోకండి. ఆ కార్లని స్కానర్‌తో ఫ్యాన్‌కి ఆజ్ఞ ఇచ్చి పరీక్షించాలి.

12 వోల్టులు చూపించినా నమ్మొద్దు

కరెంటు దారిలో తప్పుందని తేలాక ఎక్కువమంది చేసేది ఏంటంటే, మోటారు కప్లర్ పీకి అందులో మీటరు పెట్టడం. 12 వోల్టులు కనిపించగానే "కరెంటు వస్తోంది, మోటారే పోయింది" అని తీర్పు చెప్పేస్తారు. ఈ తీర్పు చాలాసార్లు తప్పు.

మేడ మీద ట్యాంకు నుంచి వచ్చే పైపు లోపల నాచు పట్టి పూడుకుపోయిందనుకోండి. కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ పైపులో ఒత్తిడి నిండుగానే ఉంటుంది. కుళాయి విప్పితేనే తెలుస్తుంది నీళ్లు దారంలా వస్తున్నాయని. కరెంటూ అంతే. మీటరు తీసుకునే కరెంటు చాలా చాలా తక్కువ. పది పోగుల వైరులో తొమ్మిది తెగిపోయి ఒక్క పోగు మిగిలినా మీటరు 12 చూపిస్తుంది. మోటారు 15 ఆంపియర్లు అడిగినప్పుడే ఆ ఒక్క పోగు చేతులెత్తేస్తుంది.

అందుకే కప్లర్ తగిలించి, ఫ్యాన్‌కి ఆజ్ఞ ఉన్నప్పుడే కొలవాలి. కప్లర్ వెనకవైపు నుంచి సన్నటి పిన్ను జొనిపి మోటారు రెండు కొనల మధ్య వోల్టేజీ చూడండి. తర్వాత అదే సమయంలో బ్యాటరీ దగ్గర ఎంతుందో చూడండి. రెండూ దాదాపు ఒకటే అయితే, అయినా మోటారు తిరగకపోతే, అప్పుడు మోటారుని అనుమానించండి. బ్యాటరీ దగ్గర 13.8 ఉండి మోటారు దగ్గర 9 ఉంటే ఆ మిగతా 4.8 వోల్టులు ఎవరో మధ్యలో తినేస్తున్నారు.

ఎవరు తింటున్నారో పట్టుకోవడం తేలిక. ఫ్యాన్ తిరుగుతుండగానే మీటరు ఒక కొన బ్యాటరీ ప్లస్ మీద, రెండోది మోటారు ప్లస్ మీద పెట్టండి. అర వోల్టుకి మించి చూపిస్తే ఆ వైపున తప్పుంది. తర్వాత ఒక కొన మోటారు నల్ల వైరు మీద, రెండోది బ్యాటరీ మైనస్ మీద. ఇక్కడ మంచి ఎర్త్ అయితే 0.1, 0.2 వోల్టులే ఉండాలి.

ఓమ్‌ల మీద పెట్టి చూస్తే సరిపోదా అంటారేమో. సరిపోదు. 20 ఆంపియర్ల కరెంటుకి 0.15 ఓమ్ అడ్డం వచ్చినా 3 వోల్టులు పోతాయి. 60 వాట్ల వేడి పుడుతుంది. కప్లర్ ప్లాస్టిక్ కరగడానికి అది చాలు. కానీ మామూలు మీటరులో దాని వైర్ల నిరోధమే అంతుంటుంది. 0.15 ఓమ్‌ని అది గుర్తుపట్టలేదు. వోల్టుల్లో అయితే 3 అని కళ్లముందు కనిపిస్తుంది.

మీటరు కన్నా పాత ఎలక్ట్రీషియన్ల టెస్ట్ బల్బు ఇక్కడ బాగా పనికొస్తుంది. ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బుకి రెండు వైర్లు కట్టుకుంటే అది దాదాపు 1.75 ఆంపియర్లు లాగుతుంది. నిండుగా వెలిగితే దారి ఫర్వాలేదు. మినుకుమంటే పూడిక ఉంది. అయితే ఈ బల్బుని సెన్సార్ వైర్ల మీద, ఈసీయూకి వెళ్లే వైర్ల మీద వాడకూడదు. ఆ కరెంటు తట్టుకోలేక ఈసీయూ లోపలి భాగాలు కాలిపోవచ్చు. అక్కడ మీటరు ఒక్కటే.

తెనాలి మావయ్య కారు

ఇదంతా పుస్తకంలో మాటలా అనిపిస్తే ఒక ఉదాహరణ చెప్తాను. తెనాలిలో ఉండే మా మావయ్యది పదేళ్ల నాటి పెట్రోల్ కారు. కిందటి ఎండాకాలం ట్రాఫిక్‌లో ముల్లు లేవడం మొదలైంది. ఆయన వెళ్లిన షెడ్డులో మొదట రిలే మార్చారు. తగ్గలేదు. సెన్సార్ మార్చారు. తగ్గలేదు. మోటారు మార్చారు. కొత్త మోటారు కూడా నీరసంగానే తిరిగింది. "ఇది కంపెనీ మోటారు కాదండీ, అందుకే" అన్నారట. అప్పటికి తొమ్మిది వేలు అయింది. ఆఖరికి "హెడ్ విప్పి చూడాలి, గ్యాస్కెట్ పోయుంటుంది" అని పాతిక వేలు చెప్పారు.

అప్పుడు ఫోన్ వచ్చింది. "ఏరా, ఆ కంప్యూటర్లేవో బాగు చేస్తుంటావుగా, ఇదేంటో ఓసారి చూడరా" అని.

"హెడ్ మాత్రం విప్పించొద్దు మావయ్యా, శనివారం వస్తున్నా" అన్నాను.

వెళ్లాక ముందు ఏసీ వేసి చూశాను. ఫ్యాన్ తిరిగింది, కానీ సీలింగ్ ఫ్యాన్ రెండో నంబర్ మీద ఉన్నట్టు. అంటే కబురు వెళ్తోంది. తప్పు కరెంటు దారిలో ఉంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు. మోటారు కొనల మధ్య 8.6. ప్లస్ వైపు పోయింది 0.3 మాత్రమే. మీటరు నల్ల వైరు వైపుకి మార్చగానే 5.0 చూపించింది. కూడి చూస్తే లెక్క సరిపోయింది.

నల్ల వైరు వెంట వెళ్తే హెడ్‌లైట్ వెనక బాడీకి బిగించిన బోల్టు కనబడింది. ముట్టుకుంటే కాలింది. రెండేళ్ల కిందట ముందు వైపు చిన్న యాక్సిడెంట్ అయితే డెంటింగ్, పెయింటింగ్ చేయించారు. ఆ పెయింట్ మీదే ఎర్త్ బోల్టు బిగించేశారు. కరెంటు బోల్టు మరల గుండా ఏదోలా వెళ్తూ వచ్చింది. తుప్పు పెరిగేకొద్దీ ఆ దారి కూడా మూసుకుపోతూ వచ్చింది.

బ్యాటరీ మైనస్ తీసి, బోల్టు విప్పి, ఉప్పుకాగితంతో పెయింట్ గీకి ఇనుము మెరిసేలా చేసి, మళ్లీ బిగించి పైన కాస్త గ్రీజు రాశాం. మళ్లీ కొలిస్తే 0.1 వోల్టు. ఫ్యాన్ గాలికి బానెట్ మీద పెట్టిన బిల్లు కాగితాలు ఎగిరిపోయాయి. మావయ్య వాటిని ఏరుకుంటూ "తొమ్మిది వేల బిల్లురా ఇది, ఎగరక ఏం చేస్తుంది" అన్నాడు.

ఆ షెడ్డువాళ్లు మోసం చేశారని నేను అనుకోవట్లేదు. కప్లర్ పీకి కొలిచారు, 12 వచ్చింది, మోటారు మార్చారు. వాళ్లు కొలిచిన అంకె నిజమే. మోటారు పని చేస్తున్నప్పుడు కొలవలేదు, అంతే.

మిగతా దొంగలు

ఫ్యూజు కాలిపోతే దానికో కారణం ఉంటుంది. అరిగిన బేరింగ్ వల్ల మోటారు బిగుసుకుపోతే మామూలుకి ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది. 30 కాలిపోతోందని 40 పెట్టారంటే, ఈసారి ఫ్యూజు బదులు వైరు కాలుతుంది. మోటారు ఒంటి మీద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తడితే తిరగడం మొదలెట్టిందా, లోపల బ్రష్‌లు అరిగాయి. అది కోలుకోదు, మార్చాల్సిందే.

రెండు వేగాల ఫ్యాన్ ఉన్న కార్లు కొన్నిట్లో తక్కువ వేగానికి ఒక రెసిస్టర్ ఉంటుంది. అది కాలిపోతే తక్కువ వేగం పోతుంది, ఇంజిన్ బాగా వేడెక్కాక ఎక్కువ వేగంతో ఒక్కసారిగా హోరుమంటుంది. ఫ్యాన్ అసలు ఆగట్లేదంటే, రాత్రంతా తిరిగి పొద్దున్నకి బ్యాటరీ దిగిపోతోందంటే, రిలే కొనలు అతుక్కుపోయి ఉండొచ్చు.

మన వాతావరణానికి సంబంధించిన దొంగలు కూడా ఉన్నారు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల ఉప్పుగాలికి కప్లర్లలో పచ్చటి చిలుము పడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు వీధులు మునిగినట్టు, ఎక్కడైనా వరద నీళ్లలో నిలబడ్డ బండికి ఇంజిన్ బాగు చేయించినంత మాత్రాన పని అయిపోదు. కప్లర్లలో చేరిన బురద తడి నెలల తర్వాత చిలుముగా బయటపడుతుంది. ఇక ఎలుకలు సరేసరి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వారం రోజులు కదలకుండా ఉన్న కారు వాటికి అద్దె లేని ఇల్లు.

కబురు దారిలో తప్పుందని తేలితే ఒక చిన్న బ్లూటూత్ స్కానర్ చాలా సాయం చేస్తుంది. రాత్రంతా ఆగిన కారులో పొద్దున్నే ఇంజిన్ వేయకముందు కూలెంట్ టెంపరేచర్ చూడండి. బయట 28 డిగ్రీలుంటే అదీ ఇంచుమించు అంతే చూపించాలి. 20 డిగ్రీల తేడా ఉంటే సెన్సార్ అబద్ధం చెప్తోంది. మైనస్ 40 చూపిస్తే ఆ వైరు తెగినట్టో, కప్లర్ ఊడినట్టో లెక్క. మన ఊళ్లలో మైనస్ 40 ఎక్కడొస్తుంది చెప్పండి!

స్కానర్‌లో పీ0480 అని కోడ్ వచ్చిందనుకోండి. అది ఫ్యాన్ కంట్రోల్ సర్క్యూట్‌కి సంబంధించిన కోడ్. చాలామంది దాన్ని "రిలే మార్చు" అని చదువుకుంటారు. కోడ్ చెప్పేది ఏ వీధిలో గొడవ జరిగిందో మాత్రమే. ఏ ఇంట్లోనో చెప్పదు. అది మీటరుతోనే తేలాలి.

'డైరెక్ట్' అనే మందు

మన దగ్గర ఈ జబ్బుకి ఒక ప్రసిద్ధమైన చిట్కా ఉంది. "ఫ్యాన్ డైరెక్ట్ చేసేశానండీ, ఇక భయం లేదు." అంటే తాళం తిప్పగానే ఫ్యాన్ తిరిగేలా ఓ వైరు లాగేస్తారు. లేదా డ్యాష్‌బోర్డు మీద ఓ స్విచ్చి పెడతారు. పనిలో పనిగా థర్మోస్టాట్ కూడా పీకేస్తారు.

రోడ్డు మధ్యలో ఆగిపోయినప్పుడు ఇంటికి చేరడానికి ఇది తప్పు కాదు. దాన్నే రిపేరు అనుకుంటేనే చిక్కు. ఆ లాగిన వైరుకి చాలాసార్లు ఫ్యూజే ఉండదు. ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే మంటే. స్విచ్చి వేయడం మీరు మర్చిపోతే గుర్తుచేసేవాడు లేడు. ఫ్యాన్ అదే పనిగా తిరిగితే మోటారు త్వరగా అరిగిపోతుంది. థర్మోస్టాట్ లేని ఇంజిన్ సరైన వేడికి చేరడానికి ఎక్కువసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, అసలు తప్పు ఎక్కడున్నదో అక్కడే ఉండిపోతుంది. రేపు అదే చెడ్డ ఎర్త్ వల్ల ఇంకోటి మొరాయిస్తుంది.

ఇవన్నీ మీరే చేసుకోవాలని కాదు. మీటరు పట్టుకోవడం ఇష్టం లేకపోతే షెడ్డుకే వెళ్లండి. వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు మాత్రం అడగండి. రిలే దగ్గర 30ని 87ని కలిపితే ఫ్యాన్ తిరిగిందా? ఫ్యాన్‌కి ఆజ్ఞ ఉన్నప్పుడు మోటారు కొనల మధ్య ఎన్ని వోల్టులు వచ్చాయి? ఎర్త్ వైపు ఎంత పోతోంది? సమాధానంగా అంకెలు చెప్పారంటే మీ కారు మంచి చేతుల్లో ఉంది. "ముందు మోటారు మార్చి చూద్దాం సార్" అంటే బానెట్ మూసేసి, ఇంకో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి.

పని అయ్యాక డబ్బులిచ్చే ముందు ఇంకో పావుగంట అక్కడే ఉండండి. ఏసీ వేయకుండా ఇంజిన్ నిలబెట్టి నడపనివ్వండి. ఫ్యాన్ దానంతటదే వేయాలి, ముల్లు దిగాక దానంతటదే ఆగాలి, మళ్లీ వేయాలి. ఇలా రెండుసార్లు జరిగితే రిపేరు అయినట్టు. అప్పుడు బిల్లు కట్టండి.